చిన్న కారు వెనక పెద్ద మంద్రం

నిస్సాన్ కంపెనీ 2002లో 350జెడ్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును విడుదల చేసింది. జపాన్‌లో దాన్ని ఫెయిర్‌లేడీ జెడ్ అంటారు. వెనక అద్దపు తలుపు పైకెత్తితే సామాను చోటుకు అడ్డంగా, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు బిగించిన లావుపాటి కమ్మీ ఎదురవుతుంది. మలుపులు తిరిగేటప్పుడు కారు చట్రం మెలిపడకుండా పట్టి ఉంచడం దాని పని. డ్రైవరుకు అది వరం, సామాను పెట్టుకునేవాళ్లకు అడ్డం. మొత్తం సామాను చోటు 193 లీటర్లే. పైన ఏటవాలుగా దిగే అద్దం, పక్కల్లో చక్రాల గూళ్లు, కింద స్టెప్నీ గుంట.

అలాంటి చోట 12 అంగుళాల సబ్‌వూఫర్లు, అంటే అట్టడుగు స్వరాలు (బేస్) పలికించే పెద్ద స్పీకర్లు, ఒకటో రెండో పెట్టుకోవాలనుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. బయటివాళ్లకు ఇది ఉత్త మోజుగా కనిపించవచ్చు. కొలతలు చేతబట్టి కూర్చుంటే మాత్రం ధ్వనిశాస్త్రంలోని ఒక చక్కని బేరం బయటపడుతుంది. చిన్న కారు బేస్‌కు కావలసిన చోటును ఒక చేత్తో లాక్కుంటుంది, ఆ నష్టంలో చాలా భాగాన్ని రెండో చేత్తో తిరిగి ఇచ్చేస్తుంది. ఈ అధ్యాయం ఆ ఇచ్చిపుచ్చుకోవడం గురించి.

17 మీటర్ల అల

మామూలు వేడిమిలో శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఈ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే ఆ స్వరపు అల ఎంత పొడవో తెలుస్తుంది. 1,000 హెర్ట్జ్ అల 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్ దగ్గర అది 3.4 మీటర్లవుతుంది, 40 హెర్ట్జ్ దగ్గర 8.6 మీటర్లు. మనిషి చెవి పట్టుకోగల అట్టడుగు హద్దుగా చెప్పే 20 హెర్ట్జ్ దగ్గర 17 మీటర్లు. 350జెడ్ ముక్కు నుంచి తోక దాకా 4.3 మీటర్లే ఉంటుంది. అంటే దాని కడుపులోంచి మనం పుట్టించాలనుకునే అల ఆ కారుకు నాలుగింతల పొడవు.

ఆ అలను పుట్టించే యంత్రం రూపురేఖలు దాదాపు 100 ఏళ్లుగా మారలేదు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో దాన్ని వివరిస్తూ పత్రం వెలువరించారు. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట, దానికి అంటించిన శంకువు. తీగలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, శంకువు గాలిని నెడుతుంది. ఇప్పటి భాషలో చుట్టను వాయిస్ కాయిల్ అనీ, శంకువును కోన్ అనీ అంటున్నాం.

కోన్ ముందుకు వెళ్లినప్పుడు దాని ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. కోన్‌ను ఏ పెట్టే లేకుండా గాలిలో వేలాడదీస్తే ముందు నొక్కుకున్న గాలి అంచు చుట్టూ జారి వెనకున్న లోటును పూడ్చేస్తుంది. అల ఎంత పొడవైతే అలా జారడానికి అంత తీరిక దొరుకుతుంది. అందుకే విడి స్పీకరులోంచి ఈల వినిపిస్తుంది కానీ డోలు దెబ్బ వినిపించదు. కోన్ వెనక వైపును మూసేయాలి. పెట్టె అవసరం అక్కడ మొదలైంది.

ఇంకో చిక్కు ఉంది. బహిరంగ ప్రదేశంలో అదే శబ్దతీవ్రతతో ఒక స్థాయి కిందికి దిగాలంటే, అంటే 60 హెర్ట్జ్ నుంచి 30కి రావాలంటే, కోన్ నెట్టే గాలి నాలుగింతలు కావాలి. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 480 చదరపు సెంటీమీటర్లు. అది ఒక వైపుకు 1.2 సెంటీమీటర్లు కదిలితే అర లీటరు కన్నా కాస్త ఎక్కువ గాలిని నెడుతుంది. 15 అంగుళాల కోన్ వైశాల్యం 800 చదరపు సెంటీమీటర్ల చిల్లర. జనం పెద్ద సబ్‌వూఫర్ల వెంట పడేది ఈ లెక్క వల్లే.

పెట్టెలో ఇరుక్కున్న గాలి

పెట్టె మూసేశాక లోపలి గాలి ఊరికే కూర్చోదు. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కితే వెనక్కి తన్నినట్టు, పెట్టెలో బందీ అయిన గాలి కోన్‌ను వెనక్కి తోస్తుంది. అది ఒక స్ప్రింగు. పెట్టె ఎంత చిన్నదైతే ఆ స్ప్రింగు అంత బిరుసు.

ఎంత బిరుసో లెక్క కట్టవచ్చు. 40 లీటర్ల మూసిన పెట్టెలో 12 అంగుళాల కోన్‌ను 1 సెంటీమీటరు లోపలికి నొక్కాలంటే, గాలి ఒక్కదాన్ని జయించడానికే 8 కిలోల బరువు పెట్టినంత బలం కావాలి. పెట్టెను 20 లీటర్లకు కుదిస్తే ఆ బలం 16 కిలోలకు పైనే. వాయిస్ కాయిల్ ఆ పనిని సెకనుకు 30, 40 సార్లు చేయాలి. చిన్న పెట్టెకు పెద్ద ఆంప్లిఫయర్ ఎందుకు కావాలో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఈ గాలి స్ప్రింగును శత్రువుగా చూడకుండా పనిలో పెట్టుకున్నవాడు ఎడ్గార్ విల్‌చర్. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆయన దగ్గర చదువుకున్న హెన్రీ క్లాస్‌తో కలిసి 1954లో అకూస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టాడు. అప్పటిదాకా కోన్‌ను బిగువైన అంచుతో పట్టి ఉంచేవారు, లోతైన బేస్ కావాలంటే బీరువాలంత పెట్టెలు కట్టేవారు. విల్‌చర్ అంచును మెత్తన చేసి, కోన్‌ను వెనక్కి తెచ్చే బాధ్యతను పెట్టెలోని గాలికి అప్పగించాడు. గాలి స్ప్రింగు ఆ బిగువైన అంచు కన్నా సమంగా పని చేస్తుంది కాబట్టి శబ్దంలో వక్రీకరణ తగ్గింది. పుస్తకాల అరలో పట్టే పెట్టెలోంచి నిజమైన బేస్ వచ్చింది. ఇవాళ కారు వెనక పెట్టే ప్రతి మూసిన సబ్‌వూఫర్ పెట్టే ఆ ఆలోచనకు వారసురాలు.

హాఫ్‌మన్ ఇనుప సూత్రం

క్లాస్ తర్వాత మాల్కమ్ లో, ఆంటన్ హాఫ్‌మన్‌లతో కలిసి 1957లో ఇంకో కంపెనీ పెట్టాడు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దానికి కేఎల్‌హెచ్ అని పేరు. హాఫ్‌మన్ భౌతికశాస్త్రజ్ఞుడు, ప్రసిద్ధ పియానో విద్వాంసుడు యోజెఫ్ హాఫ్‌మన్ కొడుకు. ఆ తండ్రికి పియానో ఒక్కటే లోకం కాదు, కార్లకు గాలితో పనిచేసే షాక్ అబ్జార్బర్లు కనిపెట్టి పేటెంట్లు కూడా తీసుకున్నాడు. తండ్రి గాలిని కారు కుదుపు తగ్గించడానికి వాడితే, అదే గాలి స్పీకరుకు పెట్టే హద్దులను కొడుకు సూత్రీకరించాడు.

ఆ సూత్రాన్ని ఆడియో ఇంజనీర్లు హాఫ్‌మన్ ఇనుప సూత్రం అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం: ఈ మూడింటిలో ఏవైనా రెండే దొరుకుతాయి. స్పీకరు సామర్థ్యం పెట్టె ఘనపరిమాణానికీ, అది చేరగల అట్టడుగు పౌనఃపున్యపు ఘనానికీ అనులోమంగా ఉంటుంది. పెట్టెను సగం చేస్తే అదే శబ్దానికి రెట్టింపు వాట్లు కావాలి. పెట్టె పరిమాణం మార్చకుండా 40 హెర్ట్జ్ నుంచి 20కి దిగాలంటే ఎనిమిది రెట్ల వాట్లు కావాలి. ఏ బ్రాండు కొన్నా, ఎంత డబ్బు పోసినా ఈ లెక్కను దాటలేం.

ఆ తర్వాత ఆస్ట్రేలియాకు చెందిన నెవిల్ థీల్ 1961లోనూ, సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1970ల తొలి ఏళ్లలోనూ ఈ లెక్కలన్నిటినీ ఒక పద్ధతిలో పేర్చారు. ఇవాళ ఏ మంచి సబ్‌వూఫర్ కొన్నా దానితో వచ్చే కాగితం మీద థీల్-స్మాల్ అంకెలుంటాయి. ఆ కోన్‌కు ఎన్ని లీటర్ల పెట్టె సరిపడుతుందో అవి చెబుతాయి. స్పీకరు ధర చూసే ముందు చదవాల్సినది ఆ కాగితం.

పెట్టెకు రంధ్రం చేసి గొట్టం బిగించే పద్ధతి కూడా ఉంది. గొట్టంలోని గాలి ఒక ప్రత్యేక పౌనఃపున్యం దగ్గర ఊగి కోన్‌కు తోడు పలుకుతుంది, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం వస్తుంది. కానీ 40 లీటర్ల పెట్టెను 30 హెర్ట్జ్‌కు శ్రుతి చేయాలంటే 10 సెంటీమీటర్ల వ్యాసమున్న గొట్టం 57 సెంటీమీటర్ల పొడవుండాలి. 350జెడ్ వెనక ఆ గొట్టాన్ని తిప్పడానికే చోటు చాలదు. సన్న గొట్టం పెడితే పొడవు తగ్గుతుంది కానీ గాలి దూసుకుపోతూ బుస కొడుతుంది. అందుకే ఇంత ఇరుకు కార్లలో మూసిన పెట్టే నమ్మదగ్గ మార్గం. అలా నమ్మడానికి ఇంకా బలమైన కారణం ఇప్పుడు వస్తుంది.

కారు తీర్చే బాకీ

మూసిన పెట్టెకు ఒక స్వభావం ఉంది. దాని సహజ పౌనఃపున్యం కన్నా కిందికి దిగేకొద్దీ, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ శబ్దం 12 డెసిబెల్స్ పడిపోతుంది. చిన్న పెట్టెలో ఈ జారుడు త్వరగా, 60 హెర్ట్జ్ దగ్గరే మొదలవ్వవచ్చు. బయట మైదానంలో ఇది పెద్ద లోటు.

కారు లోపల కథ మారుతుంది. అల పొడవులో సగం కారు లోపలి పొడవు కన్నా ఎక్కువైనప్పుడు అల అనే మాటకే అర్థం తగ్గిపోతుంది. ఆ గదిలో అల పరుగెత్తడానికి చోటు లేదు. కోన్ ముందుకొస్తే గది మొత్తంలో పీడనం ఒకేసారి పెరుగుతుంది, వెనక్కి పోతే ఒకేసారి తగ్గుతుంది. రెండు సీట్ల కారు లోపలి పొడవు 2.5 మీటర్లనుకుంటే ఇది సుమారు 69 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ, బయటితో పోలిస్తే, పౌనఃపున్యం సగమైన ప్రతిసారీ 12 డెసిబెల్స్ లాభం. పెట్టె ఎంత వాలుగా పడిపోతోందో గది అంత వాలుగానే పైకి ఎత్తుతోంది. దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు. పెద్ద కుటుంబ కారులో లోపలి పొడవు ఎక్కువ కాబట్టి ఈ లాభం 50 హెర్ట్జ్ దగ్గరకు వచ్చాక గానీ మొదలవదు. పెద్ద పెట్టెకు చోటివ్వని చిన్న కారే ముందుగా మేలు చేస్తుంది.

ఆ మేలు ఎంతో అంకెల్లో చూద్దాం. రెండు సీట్ల హాచ్ కారులో సామాను చోటుతో కలిపి 1,700 లీటర్ల గాలి ఉందనుకుందాం. 12 అంగుళాల కోన్ 0.58 లీటరు గాలిని లోపలికి నెట్టింది. గది పూర్తిగా మూసి, గోడలు గట్టిగా ఉంటే పీడనం 48 పాస్కల్స్ పెరుగుతుంది. డెసిబెల్స్‌లో అది దాదాపు 125. అదే కోన్ అంతే కదలికతో బయట నేల మీద 30 హెర్ట్జ్ మోగిస్తే ఒక మీటరు దూరంలో పుట్టే పీడనం సుమారు 4 పాస్కల్స్. లోపల 12 రెట్లు.

వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే బండి మీద 18 అంగుళాల బేస్ పెట్టెలు వరసల మీద వరసలు పేర్చడానికి కారణం ఇక్కడే ఉంది. వాళ్లకు ఆకాశమే కప్పు, పీడనాన్ని పట్టి ఉంచే గోడలు లేవు. ప్రతి పాస్కల్‌నూ కోన్ల సంఖ్యతోనూ జనరేటర్ డీజిల్‌తోనూ కొనాలి. కారులో కూర్చున్నవాడికి అందులో చాలా భాగం ఉచితం.

నిజమైన కారు పూర్తిగా మూసిన సీసా కాదు. తలుపుల రబ్బర్లు, వెనక బంపర్ మాటున ఉండే గాలి రెక్కలు కొంత పీడనాన్ని వదిలేస్తాయి. పల్చటి రేకు, పెద్ద అద్దం శబ్దంతో పాటు ఉబ్బి తగ్గుతూ కొంత మింగేస్తాయి. అందువల్ల లాభం లెక్కలోకన్నా తక్కువే వస్తుంది. కిటికీ దించితే అట్టడుగు బేస్ పలచబడుతుంది, పైకప్పు తీసే కార్లలో కప్పు తీసిన మరుక్షణం ఈ మేలు చాలావరకు పోతుంది. గొట్టం పెట్టెను చిన్న కారులో పెడితే ఒక్కోసారి హోరు పుట్టడం కూడా దీని వల్లే. గొట్టం ఎత్తిన స్వరాన్ని గది మళ్లీ ఎత్తుతుంది. పాటలో బాస్ గిటారు వాయించే స్వరాల మధ్య తేడా చెరిగిపోయి, అన్నీ ఒకే హోరుగా వినిపిస్తాయి.

చెవి అడిగేది ఎంత

బెల్ ల్యాబ్స్‌కు చెందిన హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్‌సన్ 1933లో చెవి అన్ని స్వరాలనూ సమానంగా వినదని కొలిచి చూపించారు. ఇవాళ్టి ప్రమాణాల ప్రకారం 1,000 హెర్ట్జ్ స్వరం 2 డెసిబెల్స్ దగ్గరే వినబడటం మొదలవుతుంది. 31.5 హెర్ట్జ్‌కు సుమారు 60 కావాలి, 20 హెర్ట్జ్‌కు 78. పైగా వెడల్పాటి టైర్ల రొద, గాలి హోరు కింది స్వరాల్లోనే ఎక్కువగా ఉండి పాటలోని బేస్‌ను కప్పేస్తాయి. ఇంట్లో నిండుగా వినిపించిన పాట హైవే మీద బోసిపోయినట్టుండటానికి కారణం ఇది. కారులో బేస్ కాస్త పెంచుకోవాలనుకోవడం తప్పు కాదు, చెవి న్యాయంగా అడిగేదే.

అయితే చెవికి తక్కువగా తోచిన శబ్దం కూడా శక్తి గలదే. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే సంస్థ రోజుకు 8 గంటలకు 85 డెసిబెల్స్ హద్దుగా సూచించింది, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయాన్ని సగం చేయమంటుంది. ఆ కొలత చెవి స్పందనను బట్టి సవరించినది కాబట్టి బేస్‌ను తక్కువగా లెక్కిస్తుంది. కానీ బేస్ పెంచినవాళ్లు మిగతా పాటను కూడా దానికి తగ్గట్టు పెంచుతారు, ప్రమాదం అక్కడ ఉంది. వినికిడి ఒకసారి దెబ్బతింటే తిరిగి రాదు. సంగీతం మీద ప్రేమతో ఈ పని చేసేవాళ్లు మొట్టమొదట కాపాడుకోవాల్సింది చెవులనే.

సబ్‌వూఫర్ వెనక ఉంటే పాట వెనక నుంచి వస్తున్నట్టు ఉండదా? 80 హెర్ట్జ్ అల 4 మీటర్లకు పైనే, మన రెండు చెవుల మధ్య దూరం 20 సెంటీమీటర్ల లోపే. ఏ చెవికి ముందు చేరిందో మెదడు తేల్చుకోలేదు. ఆపై స్వరాలను ముందు స్పీకర్లు సరిగ్గా పలికితే బేస్ కూడా ముందు నుంచే వస్తున్నట్టు తోస్తుంది. ఈ భ్రమను చెడగొట్టేది గిలగిలలాడే నంబరు ప్లేటు, వదులైన ప్లాస్టిక్ పలక. ఆ చప్పుడు ఎక్కడిదో చెవి ఇట్టే పట్టేస్తుంది. అందుకే ఆంప్‌కు పెట్టే డబ్బులో కొంత రేకుల మీద అదురు తగ్గించే పట్టీలకు పెట్టడం తెలివైన ఖర్చు.

చోటు, బరువు, బోల్టులు

350జెడ్‌లో చోటు వెతికేవాళ్లకు మూడు దారులున్నాయి. మొదటిది సీటు వెనక. బోస్ కంపెనీ ఆడియో సిస్టమ్ తీసుకున్నవాళ్లకు నిస్సాన్ ఇచ్చిన సబ్‌వూఫర్ డ్రైవరు సీటు వెనకే ఉంది. రెండోది స్టెప్నీ గుంట. చోటు కిందుగా ఉంటుంది కాబట్టి కారు గరిమనాభి పైకి జరగదు, కానీ స్టెప్నీ బదులు పంక్చరు కిట్టు మోయాలి. మూడోది కమ్మీకి వెనక, అద్దం కింద.

చదరపు పెట్టె ఇలాంటి వంకర చోట్లలో సగం చోటును వృథా చేస్తుంది. అందుకే నేర్పున్నవాళ్లు ఫైబర్‌గ్లాస్‌తో పోతపోస్తారు. కారు లోపలి వంపుల మీద టేపు అతికించి, దాని మీద గాజునార, రెజిన్ పొరలు పొరలుగా వేసి, ఆరాక ఆ పెంకును బయటికి తీసి, స్పీకరు బిగించే ముఖానికి చెక్క రింగు పెట్టి మూసేస్తారు. వంకర పెట్టె ఘనపరిమాణం స్కేలుతో కొలవలేం. లోపల గింజలో థర్మకోల్ పూసలో నింపి, వాటిని కొలపాత్రలో పోసి చూస్తారు. స్పీకరు అయస్కాంతం ఆక్రమించే చోటును అందులోంచి తీసేస్తారు. ఈ కొలతను వదిలేస్తే థీల్, స్మాల్ ఇచ్చిన అంకెలకు విలువ ఉండదు.

బరువు సంగతి. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క పలకలతో కట్టిన 40 లీటర్ల ఖాళీ పెట్టే 10 కిలోలుంటుంది. రెండు 12 అంగుళాల స్పీకర్లు, పెట్టెలు, ఆంప్ కలిపితే 50 కిలోలకు సులువుగా చేరతాం. 350జెడ్ బరువులో 53 శాతం ముందు ఇరుసు మీద, 47 శాతం వెనక ఇరుసు మీద పడుతుంది. 50 కిలోలను సరిగ్గా వెనక ఇరుసు మీద పెడితే ఆ నిష్పత్తి 51:49 దగ్గరికి వస్తుంది. కాగితం మీద ఇది బాగున్నట్టే ఉంటుంది. కానీ బరువు కారు నడిమధ్యకు దూరంగా చేరేకొద్దీ మలుపులోకి తిరగడానికీ, తిరుగుడు ఆపడానికీ కారు బద్ధకిస్తుంది. స్పోర్ట్స్ కారు కొనుక్కున్నదే ఆ చురుకు కోసం. ఒక్క స్పీకరుతో తృప్తి పడి 25 కిలోలు మిగుల్చుకోవడం చాలామందికి మేలైన నిర్ణయం.

ఏది పెట్టినా బోల్టులతో కారు ఒంటికి బిగించాలి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను ఢీకొని 60 సెంటీమీటర్లలో ఆగిన కారులో రుణత్వరణం గురుత్వ త్వరణానికి 16 రెట్లు. 50 కిలోల పెట్టె ఆ క్షణంలో 800 కిలోల బలంతో ముందుకు దూకుతుంది. రెండు సీట్ల కారులో దానికీ మీ వెన్నుకూ మధ్య వెనక సీటు కూడా లేదు. వెల్‌క్రో పట్టీ మీద ప్రాణాన్ని నమ్ముకోకూడదు.

కరెంటు తీగకూ ఇదే జాగ్రత్త. 1,000 వాట్ల ఆంప్ 80 శాతం సామర్థ్యంతో పూర్తి జోరు మీద ఉంటే 13.8 వోల్టుల దగ్గర 90 ఆంపియర్లు లాగుతుంది. ఆ తీగ ముందున్న బ్యాటరీ నుంచి కారు వెనక దాకా రేకుల అంచుల పక్కగా పోతుంది. దానికి తగినంత లావుండాలి, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు కాపాడేది తీగనూ కారునూ, ఆంప్‌ను కాదు.

గాలిని కొలిచే అలవాటు

ఈ బేరం కార్లతో ఆగదు. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్‌లో వేలి గోరంత పొర 20 హెర్ట్జ్ దాకా పలుకుతుంది. పొరకూ కర్ణభేరికీ మధ్య మిగిలే గాలి ఒకటి రెండు ఘన సెంటీమీటర్లు కాబట్టి, పొర మైక్రోమీటరు కన్నా తక్కువ కదిలినా చాలినంత పీడనం పుడుతుంది. దాన్ని చెవిలోంచి కొంచెం వదులు చేసి చూడండి, బేస్ మాయమవుతుంది. కారు కిటికీ దించినప్పుడు జరిగేదీ అదే. పీడనం నిలవడానికి మూసిన గది కావాలి, ఆ గది ఎంత చిన్నదైతే యంత్రానికి అంత తక్కువ శ్రమ.

కాబట్టి సబ్‌వూఫర్ కొనాలనుకునేవాళ్లు మొదట అడగాల్సిన ప్రశ్న ఎన్ని అంగుళాలు, ఎన్ని వాట్లు అని కాదు. పెట్టెలో ఎన్ని లీటర్ల గాలి పడుతుంది, కూర్చునే గదిలో ఎన్ని లీటర్ల గాలి ఉంది అని. ఆ రెండూ కొలిచినవాడు ఒక్క 10 అంగుళాల స్పీకరుతో, సరిగ్గా కట్టిన చిన్న పెట్టెతో పాట అడుగుదాకా వినగలడు. కొలవనివాడు 15 అంగుళాలవి రెండు పెట్టి, కారు చురుకునూ చెవినీ పోగొట్టుకుని, అంత మంచి బేస్ వినకుండానే మిగిలిపోగలడు.